బురద అంటని సైకిలు

కోనసీమలో బోదెలో, అంటే పంటకాలవలో, పడి కూడా బురద అంటకుండా పైకొచ్చిన సైకిలు ఒక్కటే ఉంది. అది దాదాపు ఏడాది పాటు నా షాపులో దూలానికి వేలాడింది. దాన్ని అలా వేలాడదీసింది నేనే. బురద ఎందుకు అంటలేదో తెలిసీ నోరు మూసుకున్నదీ నేనే. అందుకని, ఇది చదివాక ఎవరినైనా తిట్టాలనిపిస్తే నాతో మొదలుపెట్టండి.

నా పేరు ఇశ్రాయేలు. మామిడికుదురు అవతల కాలవ గట్టు మీద నాదో సైకిలు షాపు. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. ఇప్పుడు సైకిళ్ళు తగ్గిపోయి మోటారు సైకిళ్ళ పంచర్లే ఎక్కువయ్యాయి గానీ, బోర్డు మీద మాత్రం సైకిలు షాపు అనే ఉంచాను. నేను చెప్పబోయేది కరుణమ్మ సంగతి.

కరుణమ్మ మా ఊరి నర్సమ్మ. వయసు నలభై రెండు. వాళ్ళ నాన్న కొబ్బరి చెట్లెక్కి దింపు తీసే కూలి. ఆయన చెట్టు మీద ఉన్నంతసేపూ కింద ఆయన సైకిలు ఖాళీగా ఉండేది. పదకొండేళ్ళ పిల్ల ఆ సైకిలు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, కొబ్బరితోటల్లో చెట్ల మధ్య సందుల్లో తొక్కడం నేర్చుకుంది. అందుకే తర్వాత నర్సు ఉద్యోగం వచ్చి అందరూ స్కూటర్లు కొనుక్కుంటున్నా ఆవిడ సైకిలే పట్టుకుంది. వెనక క్యారేజీకి టీకాల పెట్టె కట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది.

మా ఊరికీ దిగువపేటకీ మధ్య పెద్ద బోదె ఉంది. దాని మీద రెండు తాటి దుంగలు పక్కపక్కన పడేసి ఉంటాయి. అదే వంతెన. పదిహేను అడుగుల పొడవు, వానపడితే జారుడు. మగవాళ్ళయినా అక్కడ సైకిలు దిగి, భుజాన వేసుకుని దాటాల్సిందే. కరుణమ్మ దిగేది కాదు. పెట్టెతో సహా తొక్కుకుంటూ దాటేసేది. ఎలాగమ్మా అని అడిగితే, చక్రం వంక చూడకూడదండీ, వెళ్ళాల్సిన చోటుని చూడాలి, అనేది. పంతొమ్మిదేళ్ళు అలాగే దాటింది. బళ్ళో పిల్లలు ఆగి మరీ చూసేవారు.

ఆవిడ భర్త శ్యామ్ బాబు మేష్టారు. హైస్కూల్లో లెక్కలు చెబుతారు. మా చర్చి సంఘానికి కార్యదర్శి కూడాను. పిల్లలు లేరు. మేష్టారు ఎవరినీ ఏకవచనంతో పిలవగా నేను వినలేదు. పంచరు వేసే నన్ను కూడా అండీ అనే అంటారు. భార్యని కరుణ గారూ అని పిలుస్తారు. మా ఆవిడ రాహేలు దీన్ని పట్టుకుని నన్ను దెప్పేది. మాట పడాల్సి వచ్చిన ప్రతిసారీ నాకు మేష్టారి మీదే ఒళ్ళు మండేది.

పోయిన ఏడాది ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు సాల్మన్ అయ్యగారినీ, ఇద్దరు పెద్దల్నీ మేష్టారు భోజనానికి పిలిచారు. కరుణమ్మ పన్నెండింటికల్లా ఇంటికి వచ్చి వంట చేస్తానంది. కానీ దిగువపేటలో ఒక పిల్లకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. అంబులెన్సు రావడం ఆలస్యమై, కానుపు చేసి, తల్లినీ బిడ్డనీ బండెక్కించి ఇంటికొచ్చేసరికి మూడయింది. మేష్టారు హోటల్ నుంచి తెప్పించి అందరికీ వడ్డించేశారు. నవ్వుతూ అతిథుల్ని గేటు దాకా సాగనంపారు. లోపలికొచ్చి తలుపు గడియపెట్టి, సైకిలు పంపు ఇలా ఇవ్వండి కరుణ గారూ, అన్నారు.

తర్వాతి సంగతంతా చాలా నెలలకి కరుణమ్మ నోటే విన్నాను. పంపు అడిగితే టైరుకి గాలి కొడతారనుకుందట. ఆవిడే తెచ్చి చేతిలో పెట్టింది. ఇనప పంపు. మొదటి దెబ్బ ఎడమ మణికట్టు మీద పడింది. ఎన్నింటికి వస్తానన్నారండీ, అని అడిగారు. పన్నెండింటికండి, అంది. రెండో దెబ్బ అదే చోట. మళ్ళీ అదే ప్రశ్న. జవాబు చెప్పినా దెబ్బే, చెప్పకపోయినా దెబ్బే. చెయ్యి విరిగిన చప్పుడు ఆవిడకి స్పష్టంగా వినిపించిందట. కింద పడ్డాక పక్కటెముకల మీద మడమతో తొక్కారు. అంతసేపూ గొంతు పెంచలేదు. అలిసిపోయాక చేతులు కడుక్కుని, రక్తం మరకలున్న చొక్కా మార్చుకున్నారు. పెరట్లోకి వెళ్ళి, సైకిలు పడుకోబెట్టి, రుబ్బురోలు పొత్రం ఎత్తి ముందు చక్రం మీద రెండుసార్లు వేశారు.

పద్నాలుగేళ్ళుగా కొడుతున్నారు. కనపడని చోట్ల కొట్టేవారు గనక ఎవరికీ తెలియలేదు. ఈసారి ఎముకలు విరిగాయి, ఆసుపత్రికి తీసుకెళ్ళక తప్పలేదు. ఆటోలో అమలాపురం వెళ్తూ ఏం చెప్పాలో దారిపొడుగునా నేర్పించారు. డాక్టరు ఆవిడ మొహంలోకి చూసి, నిజంగా పడ్డారా, అని అడిగిందట. పక్కన మేష్టారు నిలబడి ఉన్నారు. ఆయ్, దుంగల మీంచి పడ్డానండి, అంది కరుణమ్మ. కాగితం మీద అదే రాశారు.

సోమవారం పొద్దున్నే మేష్టారు ఆ సైకిలు నా షాపుకి తోసుకొచ్చారు. బాగు చెయ్యక్కర్లేదండీ, ఆవిడిక తొక్కరు, ఇక్కడ పడుండనివ్వండి, అన్నారు. కళ్ళనిండా నీళ్ళు. నేనూ అయ్యో అన్నాను. ఆయన వెళ్ళాక చక్రం విప్పాను.

నా పని నాకు తెలుసు. మనిషితో పాటు కింద పడ్డ సైకిలుకి హ్యాండిలు తిరిగిపోతుంది, పెడలు వంగుతుంది, బ్రేకు కడ్డీ గీసుకుపోతుంది. దీనికి అవేవీ లేవు. రిమ్ము మాత్రం రెండు చోట్ల పక్క నుంచి లోపలికి నొక్కుకుపోయింది. అంతకన్నా ముఖ్యం, బురద లేదు. అది వానాకాలం. బోదెలో మోకాలి లోతు ఒండ్రు, దాని మీద గుర్రపుడెక్క. అందులో పడ్డ సైకిలుని పదిసార్లు కడిగినా చైను సందుల్లో నల్లగా మిగులుతుంది, నెల రోజులు వాసనేస్తుంది. ఈ సైకిలు సీటు కింద స్ప్రింగుల్లో పొడి దుమ్ము అలాగే ఉంది.

నాకు క్షణంలో అర్థమైపోయింది. చక్రం పక్కన పెట్టి, ఫ్రేము దూలానికి తగిలించి, వేరే వాళ్ళ పంచరు వేసుకున్నాను. రాహేలుతో కూడా చెప్పలేదు.

ఇక ఊరు చేసిన నిర్వాకం చూడండి. నర్సమ్మ దుంగల మీంచి పడిందని అందరికీ జాలి. అందరూ సంతకాలు పెట్టి అధికారులకి అర్జీ ఇచ్చారు. మేష్టారే ముందుండి ఆఫీసుల చుట్టూ తిరిగారు. పదకొండు నెలల్లో ఆ దుంగల పక్కనే సిమెంటు పలకతో వంతెన లేచింది. దానికో రాయి. ప్రమాదం నుంచి శ్రీమతి కరుణను దేవుడు కాపాడినందుకు కృతజ్ఞతగా, అని దాని మీద చెక్కించారు. పడని మనిషి కోసం వంతెన కట్టిన ఊరు ప్రపంచంలో మాదొక్కటే అయుంటుంది. ఆ అర్జీ మీద నా సంతకం కూడా ఉంది.

ఆ పదకొండు నెలలూ మేష్టారే ఆవిడని స్కూటరు మీద దింపి, స్కూటరు మీద తీసుకెళ్ళారు. ఎక్కడికెళ్ళినా ఎన్నింటికి వచ్చేదీ ఆయన చేతిలోనే. ఎంత బాగా చూసుకుంటున్నారో, అన్నారు జనం. ఎదురుపడ్డవాళ్ళంతా ఆవిడతో ఒకటే మాట, ఆ సైకిలు జోలికి ఇంక పోకమ్మా అని.

బుధవారాలు టీకాల రోజు. అలాంటి ఒక బుధవారం, మేష్టారు బళ్ళో ఉన్న వేళ, కరుణమ్మ నడుచుకుంటూ నా షాపుకి వచ్చింది. బాగా చిక్కిపోయింది. ఎడమ చెయ్యి పూర్తిగా తిరగడం లేదు. దూలానికున్న సైకిలు వంక చాలాసేపు చూసింది.

"అన్నయ్య గారండీ, నాకు తొక్కడం నిజంగా వచ్చేదా?" అంది. "అందరూ అలా అంటూంటే, దుంగల మీంచి పడ్డట్టే గుర్తొస్తందండి. కలలో కూడా పడతన్నాను."

ఇన్నాళ్ళూ దిగమింగిన మాట అప్పుడు ఆగలేదు. "సైకిలుకి బురద లేదమ్మా," అన్నాను. "ఒక్క చుక్క లేదు. నేను ఆ రోజే చూశాను."

కరుణమ్మ అక్కడున్న స్టూలు మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆ రోజే చూసేరా, అని ఒక్కసారి అడిగింది. లేచి, ఇంట్లోంచి రాహేలుని పిలిచి, ఆ ఆదివారం జరిగిందంతా ఇద్దరికీ చెప్పింది. చెప్పడం అయ్యాక, సైకిలు దింపండి, అంది.

కొత్త చక్రం వేశాను. ఎడమ చెయ్యి గట్టిగా నొక్కలేదు కాబట్టి వెనక బ్రేకుని కుడి పక్కకి మార్చాను. వంగిపోయిన పాత చక్రాన్ని మాత్రం దూలానికి తగిలించాను.

అప్పట్నించి బుధవారం బుధవారం వచ్చి మళ్ళీ నేర్చుకుంది. మొదటిరోజు సీటెక్కి హ్యాండిలు పట్టుకోగానే ఎడమ చెయ్యి పట్టు జారి బెల్లు మీద పడింది, అది గణగణలాడింది. పంతొమ్మిదేళ్ళు దుంగల మీద తొక్కిన మనిషి, గట్టు మీద పది గజాలు పోలేకపోయింది. రాహేలు వెనక క్యారేజీ పట్టుకుని చీర ఎగదోపుకుని పరిగెత్తింది. కరుణమ్మ కళ్ళు చక్రం మీదే ఉన్నాయి. ముందుకి చూడమ్మా, నువ్వేగా చెప్పేదానివి, అని నేను అరుస్తూనే ఉన్నాను. రెండో బుధవారం రాహేలు క్యారేజీ వదిలేసింది. సైకిలు నాలుగు గజాలు వెళ్ళి కంకర మీద అడ్డంగా పడింది.

పరిగెత్తుకెళ్ళేసరికి కరుణమ్మ కూర్చుని తన అరచేతులు చూసుకుంటోంది. రెండూ చెక్కుకుపోయి, గులకరాళ్ళు గుచ్చుకుని, రక్తం కారుతోంది.

"పడ్డం అంటే ఇలాగుంటదా అన్నయ్య గారూ," అంది. "ముందు చేతులే ఆనతాయి కదండీ. ఆ రోజు నా అరచేతులకి గీత కూడా లేదండి."

నవ్వింది. ఆ నెత్తుటి చేతులతోనే మళ్ళీ సైకిలెక్కింది. ఆ రోజు నుంచి దుంగల మీంచి పడ్డ కల రావడం మానేసిందట. నాలుగో బుధవారానికి గట్టు చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఒంటి చేత్తో మలుపు తిప్పడం కూడా పట్టుబడింది.

అయిదో బుధవారం మేష్టారు వచ్చారు. ఎవరు చెప్పారో తెలియదు. స్కూటరుకి స్టాండు వేసి, నాకు నమస్కారం పెట్టి, కరుణమ్మ దగ్గరికెళ్ళి ఎడమ చెయ్యి పట్టుకున్నారు. దూరం నుంచి చూస్తే ముచ్చటగానే ఉంటుంది. ఆ అతుక్కున్న ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కారు. కరుణమ్మ మొహం పాలిపోయింది. మోకాళ్ళ మీద కూలిపోయింది. ఇంకా నొక్కుతూనే, ఎండలో తిరిగితే కళ్ళు తిరుగుతాయండీ, పదండి ఇంటికెళ్దాం, అన్నారాయన. నా చేతిలో పెద్ద పానా ఉంది. అలాగే ఉండిపోయింది.

రాహేలు పంచర్లు చూసే తొట్టి ఎత్తి, ఆ మురికి నీళ్ళన్నీ ఆయన మొహాన కొట్టింది. ఆయన రుమాలుతో తుడుచుకుని, పర్లేదండి రాహేలు గారూ, అన్నారు. కరుణమ్మని స్కూటరెక్కించుకుని వెళ్ళిపోయారు.

నేను తొట్టి తీసి యథాస్థానంలో పెడుతున్నాను. రాహేలు నా చేతిలోంచి అది లాగేసుకుంది.

"నువ్వు నన్ను కొట్టినప్పుడు పక్కింటి ధర్మరాజు గారు కూడా ఇలాగే నిలబడ్డారు," అంది.

పెళ్ళయిన కొత్తలో రెండుసార్లు కొట్టాను. పాతికేళ్ళయింది. రాహేలు మర్చిపోయిందనుకున్నాను. బురద లేని సైకిలు చూసి కూడా నేను నోరెందుకు విప్పలేదో నాకు అప్పుడు తెలిసింది. ఇంకొకడి బండారం బయటపెడితే నాది కూడా బయటికొస్తుందని భయం. అంతకుమించి ఏమీ లేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

మరుసటి బుధవారం కరుణమ్మ వచ్చింది. పెదవి చీలిపోయి ఉంది, ముందు పన్ను ఒకటి లేదు. తనే సైకిలు తీసుకుని గట్టు మీదికి వెళ్ళింది. ఆ శనివారం కొత్త వంతెన దగ్గర కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నారు. అందులో కరుణమ్మ సాక్ష్యం చెప్పాలి. మా సంఘంలో ఆపద నుంచి బయటపడ్డవాళ్ళు నలుగురి ముందూ నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పి దేవుడికి వందనాలు చెల్లిస్తారు. ఏం చెప్పాలో మేష్టారు ముందే కాగితం మీద రాసిచ్చారు. అక్కడ, దేవుడి పేరు మీద, పడ్డానని చెప్పేస్తే ఇక జన్మలో నిజం పైకి రాదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు.

శనివారం పొద్దున బోదె ఇవతల గట్టున షామియానా వేశారు. కుర్చీలు, మైకు, కొబ్బరిచెట్టుకి లౌడు స్పీకరు. కొత్త పలకకి అడ్డంగా రిబ్బను కట్టారు, సాల్మన్ అయ్యగారు కత్తిరించడానికి. ముందు వరసలో మేష్టారు తెల్ల చొక్కాలో కూర్చున్నారు. కరుణమ్మ పొద్దుటే ఒక బాలింతని చూడాలని దిగువపేట వెళ్ళింది, నడిచే వెళ్ళిందని అందరి ఉద్దేశం, చీకటితోనే నా షాపులోంచి సైకిలు తోసుకుంటూ వెళ్ళిందని నాకూ రాహేలుకీ మాత్రమే తెలుసు. రాహేలు బయల్దేరేముందు దూలానికున్న పాత చక్రం తీసి నా చేతిలో పెట్టింది. ఈసారి నిలబడకు, అంది.

పదకొండు గంటలకి అవతలి గట్టు మీద సైకిలు కనిపించింది. క్యారేజీ మీద టీకాల పెట్టె, పైన తెల్లచీరలో కరుణమ్మ. పలక మీద రిబ్బను ఉంది. పక్కన పాత దుంగలే ఖాళీగా ఉన్నాయి. ఆవిడ దిగలేదు. నేరుగా దుంగల మీదికి వచ్చింది. దిగమ్మా, దిగు, అని జనం లేచి కేకలు పెట్టారు. సగంలో హ్యాండిలు ఒకసారి ఎడమకి ఊగింది. కరుణమ్మ చక్రం వంక చూడలేదు. ఎదురుగా కుర్చీలో కూర్చున్న శ్యామ్ బాబు మేష్టారి మొహంలోకి చూస్తూ తొక్కింది. అలాగే చూస్తూ గట్టెక్కి, సైకిలుకి స్టాండు వేసి, మైకు అందుకుంది. ఎడమ చేత్తోనే అందుకుంది.

"నేను ఈ దుంగల మీంచి ఎప్పుడూ పడలేదండి," అంది. "ఆ ఆదివారం మా ఇంట్లో శ్యామ్ బాబు గారు నన్ను గాలి పంపుతో కొట్టేరు. చెయ్యి విరిగేదాకా కొట్టేరు. పద్నాలుగేళ్ళ నుంచీ కొడతన్నారు."

మేష్టారు లేచారు. చిరునవ్వు చెదరలేదు. చాలండి కరుణ గారూ, కూర్చోండి, అంటూ వెళ్ళి ఆవిడ మణికట్టు పట్టుకున్నారు. అలవాటు కొద్దీ బొటనవేలు ఎముక మీదికి పోయింది, నొక్కారు. ఆ చేతిలో మైకు ఉందని మర్చిపోయారు. కరుణమ్మ నోట్లోంచి వచ్చిన కేక స్పీకర్లోంచి బోదె దాటి దిగువపేట దాకా వెళ్ళింది. పద్నాలుగేళ్ళుగా నాలుగు గోడల మధ్య ఉన్న కేక అది. కాకులన్నీ లేచిపోయాయి. పేటలోంచి జనం ఇళ్ళు వదిలి గట్టు మీదికి వచ్చేశారు.

నేనెప్పుడు లేచానో నాకు గుర్తులేదు. చక్రం ఎత్తి ఆయన భుజం మీద వేశాను. రెండోది తల మీద పడింది. తెల్ల చొక్కా ఎర్రబడింది. ఆయన కింద పడి, వద్దండీ, వద్దండీ అంటున్నారు. ఆ అండీ వినేసరికి ఇంకా ఒళ్ళు మండి మూడోది ఎత్తాను.

"ఆపండి అన్నయ్య గారూ," అంది కరుణమ్మ. "అది ఇంకా వంగిపోతే స్టేషన్లో ఏం చూపిస్తాను?"

సాల్మన్ అయ్యగారు దగ్గరికొచ్చి, క్షమాపణ గురించి ఏదో చెప్పబోయారు. కరుణమ్మ మైకు పక్కన పెట్టి, క్షమించడం సంగతి తర్వాత చూద్దామండి అయ్యగారూ, ముందు నేను పడలేదని సంఘం పుస్తకంలో రాయండి, అంది. అయ్యగారు రాశారు.

ఆటో పిలుస్తామన్నా వినలేదు. వంగిన చక్రాన్ని టీకాల పెట్టె మీద కట్టించుకుని, ఏడు కిలోమీటర్లు పోలీసు స్టేషనుకి తనే తొక్కుకుంటూ వెళ్ళింది. వెనకే ఇంకో సైకిలు మీద నేను, నా వెనక క్యారేజీ మీద రాహేలు. ఎక్కడా ఆవిడని దాటి వెళ్ళలేదు. స్టేషన్లో ఫిర్యాదులు రాసుకునే రైటరు ఆసుపత్రి కాగితం చూసి, సైకిలు మీంచి పడినట్టు ఇక్కడుందే, అన్నాడు. నేను బురద సంగతి చెప్పాను. మరి ఏడాది పాటు ఏం చేస్తున్నావని అడిగాడు. రాహేలు నా పక్కనే నిలబడి ఉంది. నేనూ మా ఆవిడని కొట్టిన వాణ్ణేనండీ, అందుకే చెప్పలేదు, అన్నాను. అతను అది కూడా రాసుకున్నాడు. మేష్టారిని కొట్టినందుకు నా మీద కూడా కేసు పెట్టారు. పెట్టాల్సిందే.

కేసులు నడుస్తున్నాయి. మేష్టారు బెయిలు మీద వచ్చి మండపేటలో వాళ్ళ అన్నయ్యగారింట్లో ఉంటున్నారు. వంతెన మీది రాయి మీద అక్షరాలని రాహేలు బోదెలోంచి ఒండ్రు తెచ్చి పూడ్చేసింది. వాన వచ్చి కడిగినప్పుడల్లా మళ్ళీ వెళ్ళి పూస్తుంది. పలక మీంచి ఇప్పుడు మేమందరం నడుస్తాం, ఆటోలు కూడా పోతాయి. కరుణమ్మ మాత్రం బుధవారం బుధవారం టీకాల పెట్టె కట్టుకుని పక్కనున్న పాత దుంగల మీంచే వెళ్తుంది.